పదిహేడు నిమిషాల గట్టిమేళం

ఒక పెళ్ళిని ముహూర్తానికి పదిహేడు నిమిషాల ముందే చేయించేసిన ఘనత నాది. నేను పెళ్ళికూతుర్ని కాను, పంతుల్ని కాను, కనీసం చుట్టాన్ని కూడా కాను. అయినా చేయించాను. అదీ నోటితో కాదు, చేత్తో. ఈ సంగతి ఎత్తితే మా ఆయన ఇప్పటికీ కాఫీ గ్లాసు పక్కన పెట్టి మరీ నవ్వుతారు. మీరూ నవ్వుకోండి. నవ్వడం అయ్యాక మాత్రం నాతోపాటు కాస్త కోపం కూడా తెచ్చుకోండి. నాకింకా తగ్గలేదు మరి.

అప్పట్లో నేను మండపేటలో పిల్లలకి సంగీతం చెప్పేదాన్ని. మా వీధిలో సత్యవతి అని ఒకావిడ ఉండేది. వాళ్ళ నాన్న డోలు విద్వాంసుడు. కొడుకులిద్దరినీ కూర్చోబెట్టి నేర్పాడు. ఒకడు లారీ ఎక్కాడు, ఇంకొకడు సెల్‌ఫోన్ల షాపు పెట్టాడు. ఎవరూ నేర్పని సత్యవతి మాత్రం వంటింట్లో బియ్యం డబ్బా మీద వాయించుకుంటూ విద్యంతా పట్టేసింది. ఆ డబ్బా విన్న రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత విద్య వంటింట్లో పడుంటే, పక్క వీధి పెళ్ళిలో ఒక మహానుభావుడు డోలుని దుప్పటి దులిపినట్టు దులుపుతున్నాడు!

సన్నాయి వచ్చిన వరలక్ష్మిని వెతికి పట్టుకున్నాను. తాళానికి ఒకరు, శ్రుతికి ఒకరు కుదిరారు. ఆడవాళ్ళ మేళం తయారైంది. ఏడాదిపాటు మా డాబా మీద సాధన చేశారు. ఆ ఏడాదిలో ఒక్కరంటే ఒక్కరు పెళ్ళికి పిలవలేదు. "ఏదైనా బారసాలకి చూద్దాంలెండి" అనేవాళ్ళు. అదీ చూసేవాళ్ళు కాదు.

చివరికి రావులపాలెంలో ఒక పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతురు నా దగ్గర పాట నేర్చుకున్న పిల్ల. పట్టుబట్టి ఇంట్లో ఒప్పించింది. అదే పెళ్ళికి రామచంద్రపురం నుంచి మంగతాయారు గారనే ఆవిడ వస్తున్నారు. త్వరలో వాళ్ళింట్లో రెండు పెళ్ళిళ్ళున్నాయి. "మీవాళ్ళ వాయిద్యం విన్నాక చెప్తానండి" అన్నారు. ఆ రోజు బాగా వాయిస్తే మేళం నిలబడుతుంది. లేదంటే సత్యవతి మళ్ళీ బియ్యం డబ్బా దగ్గరికి వెళ్ళాల్సిందే.

పెళ్ళివారింట్లో అడుగు పెట్టగానే పెళ్ళికూతురి పెదనాన్న సూర్రావు గారు ఎదురొచ్చారు.

"మేళం వాళ్ళు రాలేదాండీ టీచర్ గారూ?"

"వీళ్ళేనండి."

"అంటే... వాయించేది?"

"వీళ్ళేనండి."

"ఓహో. మరి డోలు మోసేవాళ్ళో?"

"వీళ్ళేనండీ!"

ఆయన తల గోక్కున్నారు. "ఏమనుకోకండి, ఆడవాళ్ళు మండపం ముందు కూర్చుని డోలు వాయిస్తే బాగోదండి. కాస్త అటుపక్కకి సర్దుకోమనండి."

అటుపక్క అంటే పూల డెకరేషన్ వెనకాల, మంచినీళ్ళ డబ్బాల పక్కన. అక్కణ్ణుంచి పంతులు గారు కాదు కదా, ఆయన పిలక కూడా కనిపించదు. జీలకర్రా బెల్లం పెట్టే క్షణానికి పంతులు గారు చెయ్యెత్తి "గట్టిమేళం" అంటారు కదా. ఆ సందడిలో మాట ఎవరికీ వినపడదు. మేళం వాళ్ళు ఆ చేతినే చూస్తారు. చెయ్యి కనపడకపోతే ఎలా? అప్పుడే నా బుర్రలో ఆ దిక్కుమాలిన ఆలోచన పుట్టింది.

"నేను మధ్యలో నిలబడతాను. పంతులు గారు చెయ్యెత్తగానే నేనూ ఎత్తుతాను. నా చెయ్యి లేస్తే అందుకోండి."

"మధ్యలో ఊరికే ఎత్తరు కదండీ?" అంది సత్యవతి. నా సంగతి తనకి తెలుసు. వంకాయలు బేరమాడాలన్నా నాకు చేతులు ఊపందే మాట రాదు.

"నేనేమన్నా చిన్నపిల్లనా?" అన్నాను.

ముహూర్తం పది నలభై రెండుకి. పది ఇరవై అయిదుకి సూర్రావు గారు ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

"గట్టిమేళానికి చేతిలో సత్తువ ఉండాలండి. పాపం, ఆడవాళ్ళు. అంచేత ముహూర్తానికి ఫోన్లో మేళం పెట్టేస్తామండి. బాక్సులకి కనెక్షన్ కూడా ఇచ్చేశాం. వీళ్ళు ఊరికే చేతులాడిస్తే చాలు, వీడియోలో బాగానే వస్తుంది."

మీరే చెప్పండి, ఏ మనిషికైనా మండదా? ఏడాది సాధన చేసినవాళ్ళని చేతులాడించమంటాడా! "ఏంటండీ మీరనేది!" అన్నాను. ఆ 'ఏంటండీ'కి నా కుడిచెయ్యి చూపుడువేలితో సహా పైకి లేచింది.

వెనకనుంచి పిడుగు పడ్డట్టు డోలు అందుకుంది.

పెళ్ళికొడుకు చెప్పిన పని చెప్పినట్టు చేసే రకం. మేళం వినగానే పళ్ళెంలోంచి జీలకర్రా బెల్లం అందుకుని పెళ్ళికూతురి నెత్తిన పెట్టేశాడు. ఆ పిల్లా కంగారులో అతని నెత్తిన పెట్టేసింది. తెర పట్టుకున్నవాళ్ళు తెర లాగేశారు. పందిరంతా లేచి అక్షింతలు విసిరేసింది. పంతులు గారు మంత్రం మధ్యలో నోరు తెరిచి, నెత్తిన అక్షింతలతో నావైపు చూశారు.

"ఆపండి! ఆపండి!" అని చేతులు ఊపాను. ఇంకా గట్టిగా వాయించమంటున్నాననుకుని సత్యవతి రెట్టించింది.

"చెప్పానా! ఆడవాళ్ళ మేళం పెడితే ఇంతేనండి!" అని సూర్రావు గారు అరిచారు.

ఆ మాట ఇప్పటికీ నాకు అరగలేదు. తప్పు నాది. వాళ్ళు చెయ్యి లేవగానే వాయించారు, అంతే. మగ మేళగాడు పెళ్ళి మధ్యలో కునుకు తీస్తే "పాపం, అలిసిపోయాడు" అంటారు. నేనొక్కదాన్ని చెయ్యెత్తితే లోకంలో ఆడవాళ్ళెవరికీ డోలు రాదని తేల్చేస్తారా?

ఈలోగా పంతులు గారు తేరుకున్నారు. "చెయ్యి తియ్యకండి బాబూ! ముహూర్తం దాకా అలాగే ఉంచండి. మేళం కూడా ఆగకూడదు. ఆపితే అపశకునం!"

"ఎంతసేపండీ?" అన్నాను నీరసంగా.

"పదిహేడు నిమిషాలమ్మా!"

గట్టిమేళం ఎక్కడైనా ఒక నిమిషం. మహా అయితే రెండు. నేను పరుగెత్తుకెళ్ళి సత్యవతి చెవిలో అరిచాను. ఆవిడ నావైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపు సంగతి నన్నడక్కండి. చూసి, కొంగు బిగించింది.

అయిదో నిమిషానికి టిఫిన్లు తింటున్నవాళ్ళు విస్తళ్ళు వదిలేసి వచ్చారు. పదో నిమిషానికి, ఎవరు వాయిస్తున్నారో చూడాలని పూల డెకరేషన్ని వాళ్ళే పక్కకి లాగేశారు. వరలక్ష్మి ముఖం కందిపోయింది కానీ సన్నాయి తెగలేదు. పెళ్ళికొడుకు చెయ్యి వణికింది. సత్యవతి చెయ్యి వణకలేదు. నాకు ఏడుపొచ్చేసింది. పది నలభై రెండుకి పంతులు గారు నిజం చెయ్యి ఎత్తారు. అప్పటిదాకా వాయించింది ఏమంత కాదన్నట్టు సత్యవతి ఇంకా వేగం పెంచింది. సూర్రావు గారు ఫోను జేబులో పెట్టేసుకున్నారు.

పెళ్ళయ్యాక మంగతాయారు గారు నా దగ్గరికి వచ్చారు.

"మా ఇంట్లో రెండు పెళ్ళిళ్ళకీ మీవాళ్ళేనండి. మండపం ముందే కూర్చోబెడతాం."

"చాలా సంతోషమండీ!" అంటూ రెండు చేతులూ చాపాను. ఆవిడ గబుక్కున ఒక అడుగు వెనక్కి వేశారు.

"ఒక్క మాటండి. మీరు మాత్రం రాకండి."

కనుక సకల జనులకూ విన్నవించుకునేది ఏమనగా, ఇకమీదట ఏ పెళ్ళికి వెళ్ళినా ఆఖరి కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చుంటానని అగ్నిసాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. సూర్రావు గారిలాంటివాళ్ళు తగిలితే మాత్రం తిట్టకుండా వదలను. నోటితోనే తిడతాను.