మామగారి సందు కొలత

మామగారికి ఒకటే పిచ్చి. ఏ రెండు వస్తువులూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉండకూడదు. ముప్పై ఏళ్లు రైలు పట్టాలు వేయించిన మేస్త్రి ఆయన. పట్టాకీ పట్టాకీ మధ్య కొలత ప్రకారం కాస్త సందు వదలాలి. జేబులోంచి ఇనుప బిళ్ల తీసి ఆ సందులో దూర్చి చూస్తే గాని బోల్టు బిగించనిచ్చేవారు కాదు. రిటైరయ్యాక పట్టాలు పోయాయి, బిళ్ల మిగిలింది.

కోడలు కాపురానికొచ్చిన రోజే బీరువాని గోడకి ఆనించింది. మామగారు బిళ్లతో పరుగున వచ్చారు.

“జరుపమ్మా! ఎండకి ఇనుము సాగుతుంది. సందు లేకపోతే ఎటు పోతుంది పాపం?”

“ఇది చెక్కది మామయ్యా!”

“వానలకి చెక్క ఉబ్బదూ?”

నిజానికి ఆమెకి పెళ్లిలోనే తెలియాల్సింది. ఫొటోగ్రాఫరు దగ్గరగా జరగమంటుంటే ఈయన అడ్డుపడి ఇద్దరినీ ఎడంగా నిలబెట్టారు. ఫొటోలో ఆ సందులోంచి గరిటె పట్టుకున్న వంటవాడు నిండుగా పడ్డాడు. ఇప్పటికీ చూసినవాళ్లు పెళ్లికొడుకు ఎవరని అడుగుతారు.

ఇంత చేసిన మనిషి అత్తాకోడళ్లని మాత్రం ఒకే వంటింట్లో వదిలేశారు. కూర కాస్త మాడితేనే రుచి అని అత్తగారు, మాడితే పారెయ్యాలని కోడలు. ఆరు నెలలకే ఉప్పూ నిప్పూ అయ్యారు. ఒక పొద్దున కోడలు పెట్టె సర్దేసింది.

“వేరే ఇల్లు చూడండి. లేదా నేను పుట్టింటికి పోతాను.”

మొగుడు పైకప్పు కేసి చూశాడు. మామగారే గుమ్మంలో తచ్చాడి, “వచ్చే ఆదివారం దాకా ఆగమ్మా” అన్నారు.

ఆ సాయంత్రం భార్య తనని తిడుతుంటే ఆయన పెరటి వరండాలో ఒక్కో అడుగూ వెనక్కి వేశారు. తిట్లు వినబడటం మానేసిన చోట సున్నంతో గీత గీశారు. పిచ్చి ముదిరిందనుకున్నారందరూ. ఆదివారానికి అక్కడ గట్టు, పొయ్యి, కిటికీతో చిన్న వంటిల్లు లేచింది.

“ఇది నీదమ్మా. అరుపులు వినబడవు, కాఫీ వాసన మాత్రం అందుతుంది.”

కోడలికి నవ్వొచ్చింది, మామగారి మీద చెప్పలేనంత ప్రేమా పొంగింది. పెట్టె విప్పుతూ అడిగింది.

“ఇలా ఎడం పెడితే పట్టాలు విడిపోవా మామయ్యా?”

“పోవు. రెండింటికీ కలిపి పక్కన ఇనుప బద్ద బిగిస్తాం. ఫిష్‌ప్లేటంటారు.”

“మరి మనింట్లో?”

“నేను లేనూ? అక్కడో కప్పు, ఇక్కడో కప్పు తాగుతుంటాను” అంటూ మామగారు కొత్త పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చున్నారు.