మారుతాళం

మా బావకు కోపం రాదు. ఆ లోటు నేను తీరుస్తుంటాను. ఆయన సంగతి ఆయన్నే చెప్పమంటే రెండు ముక్కలు చెప్పి, కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చుంటాడు. అందుకని నేనే చెబుతున్నాను.

మా అక్క మొగుడు ఆయన. తాళాలు బాగుచేస్తాడు, తాళంచెవులు పోగొట్టుకున్నవాళ్లకు కొత్తవి చేసిపెడతాడు. మందుల కొట్టుకూ చెప్పుల కొట్టుకూ మధ్య ఇరుక్కున్న కొట్టు. లోపల నిలబడి చేతులు చాపితే రెండు గోడలూ అందుతాయి. ఒక బల్ల, ఇనుము రాసే ఆకురాళ్లు నాలుగైదు రకాలు, గోడ నిండా ఇంకా పళ్లు కొయ్యని తాళంచెవుల గుత్తులు, రెండు స్టూళ్లు. ఎదురు వరసలోనే నా టైలరింగు కొట్టు. మిషను మీదినుంచి తల ఎత్తితే చాలు, ఆయనే కనిపిస్తాడు.

ఒక స్టూలు ఆయనది. రెండోది ఆయనతో కూర్చుని బైబిలు చదవడానికి వచ్చేవాళ్లది. ఒకసారికి ఒకరే. ఇద్దరొస్తే ఒకరిని రేపు రమ్మంటాడు. పదిమందిని పోగెయ్యరాదా అని పాస్టరుగారు ఎన్నోసార్లు అడిగారు. "కొట్టులో ఇంకో స్టూలు పట్టదండీ" అనేవాడు బావ, ఎంతో వినయంగా. ఆ వినయం వెనక ఎంత మొండితనముందో మా అక్కకూ నాకూ తెలుసు.

ఆయన పద్ధతి ఒకటే. కాస్త భాగం తను చదువుతాడు, అదే భాగం ఎదుటివాళ్ల చేత మళ్లీ చదివిస్తాడు. తరువాత, "ఇందులో నీకు అర్థం కానిదేమిటి?" అని అడిగి నోరు మూసుకుంటాడు. అర్థమైంది చెప్పమంటే అందరూ పాఠం అప్పజెబుతారట, కానిది చెప్పమంటేనే మనిషి నోరు విప్పుతాడట. ఒకసారి నన్నూ కూర్చోబెట్టాడు. "నాకు అర్థం కానిది ఒక్కటే బావా, మా అక్క నిన్నెలా భరించిందా అని" అన్నాను. పగలబడి నవ్వాడు. అప్పటికి అక్క పోయి చాలా ఏళ్లయింది. నవ్వు మధ్యలో కళ్లు తుడుచుకున్నాడు కూడా.

ఈ చదువు ఆయనకు అంటించింది ఒక పోస్టుమాన్. బావ కుర్రతనంలో, ఇంకా పని నేర్చుకుంటున్న రోజుల్లో, ఆ పెద్దాయన సైకిలు తాళానికి మారుతాళం, అంటే రెండో తాళంచెవి, చేయించుకోవడానికి వచ్చాడు. చేస్తున్నంతసేపూ ఊరికే కూర్చోలేక సంచిలోంచి బైబిలు తీసి చదువుకున్నాడట. ఏమిటది అని బావ అడగడం, ఆయన పైకి చదవడం, మర్నాడు పని లేకపోయినా మళ్లీ రావడం. అలా చదువుతుండగా 'మారుమనస్సు' అనే మాట వచ్చింది. బావ ఆకురాయి కింద పెట్టేశాడు.

"మారుతాళం అంటే తెలుసుగానీ, మారుమనస్సేంటండీ? మొదటిది పోతే వాడుకునే రెండో మనసా?"

పోస్టుమాన్ కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వి, మనసు తిరగడం అని విడమరచి చెప్పాడట. బావ విన్నాడుగానీ తన అర్థాన్ని వదులుకోలేదు. తాళాలు చేసేవాడి బుర్రలోకి 'మారు' అనే మాట వెళ్తే ఇంకెలా దిగుతుంది! ఆ తరువాత రెండో స్టూలు మీద కూర్చున్న ప్రతివాడికీ అదే చెప్పేవాడు. "మారుతాళం కావాలంటే అసలుది తెచ్చి ఈ బల్ల మీద పెట్టాలి. నువ్వే తేవాలి. నీ చేత్తో. ఇదీ అంతే." విన్నవాళ్లు నవ్వేవాళ్లు, కానీ మర్చిపోయేవాళ్లు కాదు.

పనిలోనూ ఆయనకు అదే నియమం. తాళంచెవిని సబ్బుబిళ్ల మీద అదిమి, ఆ అచ్చు తెచ్చి, దీన్నిబట్టి చెయ్యమనేవాళ్లు ఉంటారు. అలాంటివాళ్లను బల్ల దగ్గరికి కూడా రానివ్వడు. "అసలుది మీదైతే అచ్చెందుకు?" అంటాడు, అంతే.

అంత నియమం ఉన్న మనిషి తన కొడుకు విషయంలో తప్పాడు.

మా అక్కకు ఒక్కడే కొడుకు. అక్క పోయేనాటికి బడికి వెళ్తున్నాడు. సగం వాళ్ల నాన్న దగ్గర, సగం నా మిషను కింద గుడ్డపేలికల్లో పెరిగాడు. పెద్దయ్యాక లిఫ్టులు బాగుచేసే పనిలో చేరాడు. చేరాక ప్రార్థనకు రావడం తగ్గించి, తరువాత మానేశాడు. రెండో స్టూలు మీద ఎప్పుడూ కూర్చోలేదు. పనికి వెళ్తూ తన గదికి తాళం వేసుకుని వెళ్లేవాడు. వయసొచ్చిన పిల్లాడు, వేసుకుంటాడు, దానికేముంది? కానీ బావకు నిద్ర పట్టేది కాదు. ఊళ్లోవాళ్లందరితో చదువుతున్నాను, కన్నకొడుకుతో ఒక్క పేజీ చదవలేకపోయానే అని నా దగ్గర కుమిలిపోయేవాడు.

ఒకరోజు వాడు స్నానానికి వెళ్లినప్పుడు వాడి తాళంచెవిని సబ్బు మీద అదిమాడు. మారుతాళం చేశాడు. వాడు పనికి వెళ్లాక గది తెరిచి, దిండు మీద బైబిలు పెట్టి వచ్చాడు. ఇల్లు వదిలిపోయిన కొడుకు తండ్రి దగ్గరికి తిరిగొచ్చే కథ ఉంటుందే, ఆ పేజీ తెరిచి, కొడుకు లేచి బయలుదేరిన చోట ఎర్ర పెన్సిలుతో గీత గీసి మరీ పెట్టాడు.

సాయంత్రం వాడు నేరుగా కొట్టుకొచ్చాడు. ఎదురుగా ఉన్న నాకు ప్రతి మాటా వినిపించింది.

"అసలుది తెచ్చి బల్ల మీద పెట్టాలంటావుగా నాన్నా. నేను తెచ్చానా?"

"నీ మంచి కోసమేరా."

"ఇవాళ నా గదికి సబ్బు పెట్టావు. రేపు నా మనసుకు పెడతావు. నేను వెళ్లిపోతున్నా. నేను పిలిస్తే రా. పిలవకుండా నా తలుపు ముట్టుకోకు."

వాడు వెళ్లాక బావ ఆ మారుతాళాన్ని బల్లకు బిగించి, పళ్లన్నీ అరిగిపోయేదాకా ఆకురాయితో రాశాడు. నున్నటి రేకుముక్కలా మిగిలినదాన్ని తన స్టూలు పక్కన మేకుకు తగిలించుకున్నాడు.

వాడు వెళ్లింది దూరాభారమేమీ కాదు. బజారు వెనక సందులో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. కానీ పిలవకుండా రావద్దన్నాడు కదా, బావ వెళ్లలేదు. కొట్టు మూశాక ఆ సందు చుట్టూ తిరిగి ఇంటికి వెళ్లేవాడు, అంతే. కిటికీలో దీపం వెలుగుతుంటే ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు.

నేను చెవినిల్లు కట్టుకుని పోరేదాన్ని. "వెళ్లి తలుపు తట్టు బావా. కొడతాడా ఏంటి?"

"పిలవలేదుగా."

"పిలవడు. నీ కొడుకు కదూ!"

"అందుకే. ఒకసారి పిలవకుండా వెళ్లే కదా పోగొట్టుకున్నాను."

ఒళ్లు మండి మిషను తొక్కుకునేదాన్ని.

వాడూ తక్కువ తినలేదు. కాలరు చిరిగిన చొక్కా పట్టుకుని నా కొట్టుకొచ్చేవాడు. వచ్చింది కాలరు కోసం కాదని వాడి చూపే చెప్పేది.

"నాన్న ఎలా ఉన్నాడు పిన్నీ?"

"ఎదురుగానే ఉన్నాడు. కాళ్లున్నాయి కదా, వెళ్లి చూడు."

వాడు అటు చూసేవాడు. అక్కడ పిండిమర ఆయనో, ఆసుపత్రి ఆయమ్మో స్టూలు మీద కూర్చుని చదువుతుండేవాళ్లు. "రెండో స్టూలు ఖాళీ లేదుగా పిన్నీ" అని నవ్వేవాడు. నవ్వుతూనే అనేవాడు, కానీ ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకునేది. ఊరుకోలేక బావకు చెప్పాను. మర్నాటినుంచి సాయంత్రం వేళ ఎవరొచ్చినా పొద్దున రమ్మనేవాడు. ఖాళీ స్టూలు తుడిచి పెట్టుకుని, దాని ఎదురుగా ఒక్కడే కూర్చునేవాడు. ఆ తరువాత వాడికి పనివేళలు మారాయి. సాయంత్రాలు బజారుకు రావడమే కుదరలేదు.

నాలుగు రోజులు ముసురు పట్టి వాన కురిసిన ఒక పొద్దున, వాడితో పనిచేసే మెకానిక్కు తడుస్తూ పరుగెత్తుకొచ్చాడు. పనికి రాలేదట. ఫోను లోపల మోగుతోందట, తలుపెంత కొట్టినా పలకడం లేదట. గది అద్దెకిచ్చిన ఇంటావిడ కూతురింటికి వెళ్లింది. "లోపల గడియ పెట్టుకున్నట్టున్నాడండీ, తోసినా రావట్లేదు."

బావ పనిముట్ల సంచి తీసుకున్నాడు. నేను వెనకాలే పరుగెత్తాను. తలుపు ముందుకు వెళ్లి ఆగిపోయాడు. ఎన్ని తలుపులు తెరిచిన చేతులో అవి, వేలాడిపోయాయి.

"వాడు పిలవలేదు" అన్నాడు.

"బావా! ఇప్పుడు కూడానా!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అప్పుడు కదిలాడు. తాళం కన్నంలోకి సన్న కమ్మీ దూర్చాడు. వెంటనే తీసేశాడు. తలుపు అంచు వెంబడి వేళ్లు పోనిచ్చి, సంచి కింద పెట్టి, భుజం ఆనించి ఒక్క తోపు తోశాడు. తలుపు తెరుచుకుంది.

"తాళం వెయ్యలేదు" అన్నాడు నావైపు తిరిగి. "వానకు చెక్క ఉబ్బింది. అంతే."

లోపల వాడు మంచం పక్కన పడి ఉన్నాడు. ఊపిరుంది. తలలో నరం చిట్లిందన్నారు ఆసుపత్రిలో. ఆశ పెట్టుకోవద్దని చెప్పకుండానే చెప్పారు. వింటాడా అని అడిగితే, వినొచ్చు, చెప్పలేం అన్నారు.

మర్నాడు బావ కొట్టులోని తన బైబిలు తెచ్చుకున్నాడు. నేను లేచి గుమ్మం దగ్గరికి జరిగాను. ఒకసారికి ఒకరే కదా. మంచం పక్కన ఆయనకొక్కటే స్టూలు. అదే కథ తీశాడు. ఈసారి ఎర్ర గీత లేదు. మెల్లగా చదివాడు. ఎదుటివాడు మళ్లీ చదవాల్సిన చోట తనే మళ్లీ చదివాడు.

"ఇందులో నీకు అర్థం కానిదేమిటిరా?" అని అడిగాడు.

అడిగి ఆగాడు. ఎప్పుడూ ఆగినట్టే, తొందర లేకుండా. వాడి ముఖంలోకి చూస్తూ కూర్చున్నాడు. నర్సు వచ్చి సీసా మార్చి వెళ్లింది. ఇంకా ఆగాడు. ఇక చాలు బావా అనబోయాను.

"నాకు అర్థం కానిది చెప్పనా?" అన్నాడు వాడితో. "కొడుకు లేచి వచ్చిన చోట గీత గీశాను కదరా. ఆ కింద వాక్యం ఇన్నేళ్లూ సరిగ్గా చదవలేదు. వాడు గుమ్మం దాకా రాకముందే ఆ తండ్రి పరుగెత్తాడు. పిలవమని కూర్చోలేదు. నేను గది తలుపు తెరిచానుగానీ, నీ దగ్గరికి పరుగెత్తలేదురా."

వాడి చెయ్యి తీసుకుని తన చేతుల మధ్య పెట్టుకున్నాడు. ఆ చెయ్యి తిరిగి పట్టుకుందని నేను చెప్పను. పట్టుకోలేదు. తెల్లవారాక వాడు పోయాడు.

మట్టి చేసి వచ్చిన తరువాతి వారం గది ఖాళీ చెయ్యడానికి వెళ్లాం. పట్టుమని రెండు పెట్టెల సామాను లేదు. ఆనాడు బావ దిండు మీద పెట్టిన బైబిలు అలమరలో చొక్కాల కింద ఉంది. బావ దాన్ని తెరవకుండానే సంచిలో పెట్టుకున్నాడు. వాడు ఎక్కడిదాకా చదివాడో, అసలు చదివాడో లేదో తెలుసుకునే హక్కు తనకు లేదన్నట్టుగా.

బయటికి వస్తూ తలుపు లోపలివైపు చూశాడు. గడియ విరిగిపోయి ఉంది. ఒక మర ఊడి, రెండో మరకు వేలాడుతోంది. తాళం కూడా లోపల బిగుసుకుపోయింది, వేద్దామన్నా పడదన్నాడు. అప్పటికి ఇంటావిడ ఊరినుంచి వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్ల మీద నిలబడి ఉంది.

"ఎన్నాళ్లబట్టో అంతేనండీ. చేయిద్దామని వడ్రంగిని పిలుస్తానంటే ఒప్పుకునేవాడు కాదు. 'మా నాన్న చేసేది ఈ పనేనండీ. ఎప్పుడో ఒకప్పుడు వస్తాడు. వచ్చినప్పుడు ఆయన చేత వేయించుకుంటాను' అనేవాడు. మీరు ఈ సందులోంచి వెళ్తుంటే కిటికీలోంచి నాకు చూపించేవాడు కూడా, అదిగో మా నాన్న అని."

ఆవిడ మంచిమనసుతోనే చెప్పింది. నాకు మాత్రం ఆవిడ నోరు మూసెయ్యాలనిపించింది. బావ గోడ పట్టుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయాడు. ఆయన ఏడవడం అక్క పోయినప్పుడు చూశాను, మళ్లీ అప్పుడే చూశాను. నేను పక్కన కూర్చున్నాను.

చాలాసేపటికి లేచాడు. పనిముట్ల సంచి విప్పాడు. కొత్త గడియ ఒకటి తీసి, తలుపుకు పెట్టి చూసి, పాత మర ఊడదీశాడు.

"వచ్చానురా" అన్నాడు, చెక్క దుమ్ము ఊదుతూ. కొత్త మర బిగించడం మొదలుపెట్టాడు.