కొల్లేట్లో వదిలిన రోజా

మా సైనిక దళం ఏలూరు స్టేషన్లో దిగేసరికి వాన దంచుతోంది. రెండు పడవలు, మోటార్లు, తాళ్లు, తాగునీటి క్యాన్లు లారీకెక్కించాం. ఆర్డరు ఒక్కటే: కొల్లేటి లంకల్లో చిక్కుకున్నవాళ్లను రోడ్డుకు చేర్చాలి. నాది తాడేపల్లిగూడెం. సొంత జిల్లాకు యూనిఫాంలో రావడం అదే మొదలు.

రంజాన్ నెల. ప్రయాణంలో ఉన్నవాడు రోజా మానేసి, ఆ ఉపవాసం తర్వాత ఉండొచ్చు. అది తెలిసీ నేను పట్టుబట్టి ఉన్నాను. తెల్లవారకముందే రొట్టెలు తిని పడవెక్కేవాణ్ణి.

"చెయ్యగలవా?" అని మా సుబేదార్ రోజూ అడిగేవాడు.

"చేస్తాను సాబ్."

ఆ రోజు ఒక లంకలో నొప్పులు పడుతున్న అమ్మాయినీ, ఆమె తల్లినీ ఎక్కించుకున్నాం. సగం దూరంలో మోటారు ఫ్యానుకు గుర్రపుడెక్క చుట్టుకుంది. కోసేలోపే ఇంజను కాలిపోయింది. ఇక తెడ్లే గతి. అటు సుబేదార్, ఇటు నేను. వాన వెలిసి ఎండ కాసింది. నీటి వాలుకు ఎదురు వెయ్యాలి. నా కళ్లకు చీకట్లు కమ్మాయి. తెడ్డు జారింది. పడవ అడ్డం తిరిగి నీళ్లు లోపలికొచ్చాయి.

"నీళ్లు తాగు" అన్నాడు సుబేదార్ హిందీలో.

"రోజా ఉన్నాను సాబ్."

తల్లికి సంగతి అర్థమైంది. "మేమూ శుక్రవారాలు ఉపవాస ప్రార్థనలో ఉంటామండీ. మిమ్మల్ని ఇలా అడగకూడదు. కానీ మా అమ్మాయిని చూడండి బాబూ."

అమ్మాయి పడవ అంచు పట్టుకుని పళ్లు బిగించి ఉంది. క్యాను ఎత్తి తాగాను. బిస్కెట్లు తిన్నాను. మళ్లీ తెడ్డు పట్టాను. రోడ్డు దగ్గర అంబులెన్సు ఎక్కించేదాకా వదల్లేదు.

సాయంత్రం వైర్‌లెస్‌లో కబురొచ్చింది. "తల్లీ బిడ్డా క్షేమం. ఆడపిల్ల. ఓవర్."

నా మనసు మాత్రం కుదుటపడలేదు. రోజా మధ్యలో వదిలితే కఫ్ఫారా అనే ప్రాయశ్చిత్తం కింద వరసగా అరవై రోజులు ఉండాలని చిన్నప్పుడు విన్నాను. ఉండాలనే నిశ్చయించుకున్నాను. వెళ్లిపోయేముందు ఏలూరు మసీదులో ఇమాం గారిని అడిగాను.

"కారణం లేకుండా కావాలని వదిలినవాళ్లకండీ కఫ్ఫారా. మీరు ప్రాణాలు నిలపడానికి తాగారు. బదులుగా ఒక్క రోజు ఉండండి. దాన్ని ఖజా అంటారు, అంతే."

"అరవై ఉండగలనండీ."

"ఉండగలరు. అల్లా అడగలేదు కదండీ."

పండగ వెళ్లాక, యూనిట్‌లో ఆ ఒక్క రోజా ఉన్నాను. పొద్దు వాలుతుంటే సుబేదార్ రెండు గ్లాసుల టీ తెచ్చి మెట్ల మీద నా పక్కన కూర్చున్నాడు. ఆయన హిందువు. నాకోసం తనూ తాగలేదు.

సైన్యం వదిలి ఏళ్లయింది. మీగడ కట్టిన ఆ టీ, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని పొద్దు కుంకేదాకా పడమరకేసి చూస్తూ కూర్చున్న ఆ మనిషీ ఇప్పటికీ నా కళ్లల్లోనే.