రాజమణక్క పిడికిలి

సైదాబాద్ కమ్యూనిటీ హాల్లో ఆడవాళ్లకు కరాటే నేర్పుతానని బోర్డు పెడితే కాలేజీ పిల్లలే వస్తారనుకున్నాను. మొదటి రోజే కొంగు నడుముకు దోపుకుని, ఒంటిమీద పేడ వాసనతో రాజమణక్క వచ్చింది. పక్క సందులో ఆమెకు నాలుగు బర్రెలున్నాయి. భర్త పోయి ఆరేళ్లు. రెండు పూటలా పాలు పితికి, ముప్పై ఇళ్లకు తానే పోసి, కూతురు సోనీని డిగ్రీ చదివిస్తోంది. సందు మలుపులో బైకు మీద కూర్చునే ఒకడు రోజూ ఆ పిల్ల వెంట పడుతున్నాడట. పోలీసులకు చెబితే రెండు రోజులు మాయమై మళ్లీ తయారయ్యాడట.

"దానికి నేర్పిద్దామంటే సిగ్గు వడ్తున్నది మేడమ్. నాకే నేర్పు. కాలేజీ దాంక నేనే తోలొస్త" అంది.

ఆమె చేతుల బలం చూస్తే నాకు కుళ్లు పుట్టింది. అడ్డం నిలబడ్డ బర్రెను అరచేత్తో ఒక్క తోపు తోసి జరిపే మనిషి. అరచేతి అడుగు భాగంతో గడ్డం కింద కొట్టే దెబ్బ ఆమెకు నేర్పకుండానే వచ్చేసింది. ప్యాడ్ పట్టుకున్న నేను రెండడుగులు వెనక్కి పోయాను.

బుద్ధున్నదాన్నైతే అక్కడితో ఆపేదాన్ని. నాకు బ్లాక్ బెల్ట్ పొగరు కదా. నెలాఖరుకు మా గురువు వాసవాంబ గారు చూడ్డానికి వస్తున్నారు, అందరూ ఒకే వరసలో పిడికిలి గుద్దు చూపించాలి. పిడికిలి పట్టమంటే రాజమణక్క బొటనవేలు లోపలికి మడిచేది. చిన్నప్పటి నుంచి వేలు అలా మడిచి పాలు పితికిన చెయ్యి మరి. అలా గుద్దితే వేలు విరుగుతుందని వందసార్లు చెప్పాను. నాలిక్కరుచుకుని బయటకు తీసేది, మరుసటి గుద్దుకు మళ్లీ లోపలే. అరచేతి దెబ్బ మానిపించి మూడు వారాలు ఇదే రుద్దాను. ప్రదర్శన బాగా జరిగింది. నాకు చప్పట్లు కూడా కొట్టారు.

ఆ తర్వాతి సోమవారం పొద్దున వాడు తల్లి ముందే సోనీ చెయ్యి పట్టుకున్నాడు. రాజమణక్క గుద్దింది. నేను పట్టుబట్టి నేర్పిన గుద్దే, బొటనవేలు మాత్రం మళ్లీ లోపలే. కిరాణా దుకాణం కెమెరాలో అంతా తర్వాత చూశాను. వాడు దవడ తుడుచుకుని నవ్వాడు, బైకెక్కి నింపాదిగా వెళ్లిపోయాడు. ఆమె మాత్రం చెయ్యి పొట్టకు అదుముకుని, కళ్లు మూసుకుని రోడ్డు మీద కూలబడింది.

బొటనవేలి మొదట్లో ఎముక విరిగింది. అతుక్కున్నా పాలు పితికే పట్టు రావడం కష్టమని డాక్టరు చెప్పాడట. వారం తర్వాత గానీ వాళ్లింటికి వెళ్లే ధైర్యం రాలేదు నాకు. సోనీ కాలేజీ మానేసి బర్రె కింద కూర్చుని పాలు పితుకుతోంది. తప్పు నాదని చెప్పాలనే వెళ్లాను. అంతలో ఆమే నాకు క్షమాపణ చెప్పింది.

"బొటనేలు బయట వెట్టమని మస్తు మొత్తుకున్నవ్ మేడమ్. గా టైముల మతికి రాలే" అంది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో సర్దుకుని, గొంతు తగ్గించి అడిగింది. "మరి దెబ్బయితే మంచిగనే తగిలింది గదా? నొప్పికి కండ్లు మూసుకున్న, సూడలే. దీన్ని అడిగితే సప్పుడు చేస్తలేదు. నువ్వు కెమెరాల చూసినవంట. పడ్డడా వాడు?"

ఆమె చేతి కట్టు వంక చూశాను.

"పడ్డడక్కా" అన్నాను.

రాజమణక్క ముఖం విప్పారింది. కూతురి వైపు తిరిగి, "ఇన్నవా? ఇగ వాడు రాడు. ఫికర్ చెయ్యకు. రేపటికెల్లి నువ్వొక్కదానివే కాలేజీకి పో బిడ్డా" అంది.

సోనీ ఒక్కసారి నా వంక చూసింది. తల దించుకుని, సరేనంది.