మా మామ పహిల్వాన్ ట్రాక్టర్

ఆ రోజుల్లో ఈ ముచ్చట రాసి పెట్టుకుందామంటే నాకు అక్షరాలు రావు. పోనీ నోటితో చెబుదామంటే మా ఆయన సాగనివ్వడు. నేను మొదలుపెట్టగానే మధ్యలో దూరి, ఆ ట్రాక్టర్ తనవల్లే బతికిందని తేల్చేసేవాడు. మా కోడలు ఇంటికొచ్చాక మధ్యాహ్నం పూట నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అఆలు దిద్దించింది. కాగితం మీద రాస్తుంటే మధ్యలో దూరడం ఎవరికీ చేతకాదు కాబట్టి, జరిగింది జరిగినట్టు ఇప్పుడు చెబుతాను.

తొంభైల్లో మేము పాతబస్తీ జహనుమాలో ఉండేవాళ్ళం. మా మామ దగ్గర ఒక ట్రాక్టర్ ఉండేది. అది మా ఆయనకంటే వయసులో పెద్దది. దాని అసలు రంగు ఏమిటో మా అత్తకు కూడా గుర్తులేదు. దానికి ట్యాంకర్ తగిలించి, నల్లా రాని గల్లీలకు నీళ్ళు పోస్తూనే మామ ఇంత సంసారం ఈదాడు. పొద్దున లేవగానే దేవుడికంటే ముందు దాని బానెట్‌కు దండం పెట్టేవాడు (ఈ విషయంలో అత్తకు అలక ఉండేది, దేవుడి తరఫున కాదు, తన తరఫున). మా ఆయనకు మాత్రం దాన్ని చూస్తే ఒళ్ళు మంట. "పాత ఇనుము కింద కబాడీకి ఏసి ఆటో ట్రాలీ తెచ్చుకుందాం బాపూ" అని రోజూ ఒకటే లొల్లి. ఇంతలో ఊరవతల ఒక జాతరలో పాత ట్రాక్టర్లకు బరువు లాగే పోటీ పెడుతున్నారని తెలిసింది. మామ మీసం దువ్వి, "నా బండి సున్నం గీత దాక లాగితె ఇంట్ల ఉంటది. లాగకపోతె నువ్వే కబాడాయన్ను పిలువు. నేను ఒక్క మాట అంటె ఒట్టు" అన్నాడు. మా ఆయన ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు.

మా గల్లీ చివర ఒక మెకానిక్ ఉండేవాడు. గొంతును బట్టి అతన్ని అందరూ హారన్ భాయ్ అనేవారు. అతను బండి చుట్టూ తిరిగి, "చాచా, దీనికి కడుపు నిండ తిండి లేదు. పహిల్వాన్‌కు బాదంపాలు ఎట్లనో, దీనికి డీజిల్ గట్ల" అని తీర్పు చెప్పాడు. నేను ఎంతో శ్రద్ధగా, "ఎన్ని బాదం పప్పులు నానబెట్టాలె భాయ్?" అని అడిగాను. (అప్పటి నవ్వులు ఇంకా నా చెవుల్లో ఉన్నాయి.) అతను డీజిల్ పంపు స్క్రూ వదులు చేసి, సైలెన్సర్ ఊడదీసి, బండి స్టార్ట్ చేశాడు. నల్లటి పొగ మేఘంలా లేచి ఎదురింటి దండెం మీదికి పోయింది. ఆ ఇంట్లో ఉండేది కోస్తా నుంచి వచ్చిన ఆఫీసరుగారి భార్య. "అయ్యో, మా వారి ఆఫీసు చొక్కాలండీ! ఇవాళ ఆయన ఏం వేసుకెళ్తారండీ?" అని ఆవిడ ఒకటే గోల. హారన్ భాయ్, "ఫికర్ మత్ కరో అమ్మా, ధువా ఎంత వస్తే తాకత్ అంత!" అని, పొగ పెరిగితే బలం పెరుగుతుందని ధైర్యం చెప్పాడు. తాకత్ నిజంగానే వచ్చింది. నిండు ట్యాంకర్ తగిలించి లాగిస్తే ముందు చక్రాలు గుర్రం కాళ్ళలా గాల్లోకి లేచాయి. పైన కూర్చున్న మామ "అరే ఆపుండ్రి, ఆపుండ్రి" అని అరిచాడు (ఆపాల్సింది తనే). ముందువైపు బరువు కావాలన్నాడు హారన్ భాయ్. అంతే, మా రాతి రోలు తీసుకుపోయి గొలుసుతో బండి మూతికి కట్టేశారు. "మరి పచ్చడెట్ల నూరాలె?" అని అత్త అడిగితే, "గెలిచినంక నూరుకో" అన్నాడు మామ. పోటీ దాకా మాకు పచ్చడి లేదు.

జాతరకు గల్లీ అంతా కదిలింది. ఇసుక మూటలు పేర్చిన ఇనుప బల్లను సున్నం గీత దాకా ఈడ్చాలి, మధ్యలో ఆగితే ఆట అయిపోయినట్టే. మాకంటే ముందొచ్చిన బండ్లు సగంలోనే చతికిలబడ్డాయి. మాది మాత్రం పొగ కక్కుకుంటూ, రోలు ఊపుకుంటూ, ముందు చక్రాలు నేలకు ఆనించుకుని బుద్ధిగా పోయింది. చేతులు కట్టుకుని నిలబడ్డ మా ఆయన కూడా పందెం మరిచిపోయి "కొట్టు బాపూ, కొట్టు!" అని అరిచాడు. అందరూ తువ్వాళ్ళు ఊపుతున్నారు. అత్త దగ్గర తువ్వాలు లేదు. రేడియేటర్‌లో నీళ్ళు పోయగా మిగిలిన ఖాళీ బిందె ఉంది. సంతోషం పట్టలేక దాన్నే పైకెత్తి ఊపింది. మామ చూపు ఆ బిందె మీద పడింది. ఇన్నేళ్ళుగా బిందె పైకి లేస్తే బండి ఆపడమే అతనికి తెలిసిన పని. గీత ఎదురుగా తెల్లగా కనిపిస్తుండగానే కాలు బ్రేకు మీదికి పోయింది. బండి ఆగింది. మామ వెనక్కి తిరిగి, పైపు కోసం వెతుకుతూ, "ఒక్కొక్కరే రాండ్రి, లొల్లి జెయ్యకుండ్రి" అన్నాడు.

మైదానమంతా పడీ పడీ నవ్వింది. మామ నవ్వలేదు. దారి పొడుగునా అత్త, "నా బిందెను ఎయ్యిరా కబాడీకి, బండినెందుకు ఏస్తవ్?" అని కొడుకును బతిమాలింది. హారన్ భాయ్, "ఇంజన్ ఓడిపోలే భాయ్, చాచా కాలు ఓడిపోయింది" అని వాదించాడు. మా ఆయన నేల చూస్తూ, "మాటంటే మాటే. పొద్దుగాల కబాడాయన వస్తడు" అన్నాడు.  ఇంటికి రాగానే మామ రోలు విప్పి, కడిగి, అత్త ముందు పెట్టాడు. ఆయన కాస్త తిట్టినా బాగుండును అనిపించింది.

మర్నాడు తెల్లవారగానే గడప మీద కూర్చున్న మామ దగ్గరికి పోయి, "మామా, తాళం ఇయ్యు. ఇయ్యాల నీళ్ళు నేను పోస్తా" అన్నాను. "నీకు నడుపుడేడ వస్తది బిడ్డా?" అన్నాడు. "నువ్వు చెప్తె వస్తది. ఏమీ అననని ఒట్టేసుకున్నది నువ్వు, నేను కాదు." మామ లేచి వచ్చి, పక్క మడ్‌గార్డు మీద కూర్చున్నాడు. ఎలా పోయానో నాకే తెలియదు. పాన్ డబ్బా ముందున్న బల్లను పడగొట్టాను. ఎదురింటి గేటు ముందు ఇంజన్ దానంతటదే ఆగింది. అంతే, అక్కడే ఆడవాళ్ళు బిందెలతో వరస కట్టారు. కబాడాయన వచ్చేసరికి, చొక్కాలు ఉతికి ఉతికి అలిసిపోయిన ఆఫీసరుగారి భార్యే వరసలో మొదట ఉంది. "మా నీళ్ళు పట్టుకోవడం అవ్వకుండా దీని మీద చెయ్యి వెయ్యండి చూద్దాం!" అంది. పాపం అతను చాయ్ తాగి, ఇంకో చాయ్ తాగి, వెళ్ళిపోయాడు. మా ఆయన గోడకు ఆనుకుని అంతా చూశాడు. గల్లీ బిందెలన్నీ నిండాక నా దగ్గరికి వచ్చి, కోపం నటిస్తూ, "క్లచ్ జర మెల్లగ ఇడువవే, గేర్లు ఖరాబైతయ్" అన్నాడు.

పైట నడుముకు బిగించి, మెడ సాచి, బ్రేకు ఏ కాలికింద ఉందో గట్టిగా తెలియకుండానే ఆ సీట్లో కూర్చున్న పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.  ఆ పిల్ల మామ చూపించిన గేరు వేసి, క్లచ్ నిజంగానే మెల్లగా వదిలి, పక్క గల్లీకి పోయింది.