నైట్రేట్ పంచాయితీ

ఎల్లారెడ్డి ఊరి క్లినిక్‌లో ఆ మంగళవారం, బీట్‌రూట్ రసం ఎలా తీయాలో, వారానికి ఆ ఒక్కరోజు కామారెడ్డి నుంచి వచ్చే డైటీషియన్ లిదియా చూపిస్తుండగా మిక్సీ మూత ఊడింది. రసంలో సగం గోడకు, సగం బీపీ చూపించుకోను వచ్చిన రైతు మల్లన్న తెల్ల ధోవతికి చేరింది. గోడ ఏమీ అనలేదు.

మల్లన్న అనకుండా ఉండే రకం కాదు. పైగా ఆయనకు లిదియా మీద పాత కోపం ఉంది. కిందటేడు వాళ్ల ఊళ్లో జరిగిన ఆరోగ్య శిబిరంలో, బోరునీళ్లలో నైట్రేట్ ఎక్కువైతే పసిపిల్లలకు ప్రమాదమని చెబుతూ, ఆ ఊపులోనే ఆమె పాలకూరలోనూ అదే ఉంటుంది జాగ్రత్త అనేసింది. యూరియా చల్లే రైతుకు నైట్రేట్ గురించి వేరే చెప్పాలా? ఆ సాయంత్రమే మల్లన్న పాలకూర మడంతా పీకి బర్రెకు వేశాడు.

తర్వాత హైదరాబాద్‌లో ఒక శిక్షణకు వెళ్లాక గానీ లిదియాకు తెలియలేదు, నీళ్ల సంగతి వేరు, కూరల సంగతి వేరని. ఆకుకూరల్లో, బీట్‌రూట్‌లో ఉండే నైట్రేట్‌ను నాలుక మీది సూక్ష్మజీవులు మారుస్తాయి, దానితో రక్తనాళాలు సడలి బీపీ కొంత దిగుతుంది. "నైట్రేట్ చెడ్డదే అనేవాళ్లు చెయ్యెత్తండి" అని అక్కడి శిక్షకుడు అన్నప్పుడు అందరికంటే ముందు లేచిన చెయ్యి తనదేనని ఆమె కామారెడ్డి తిరిగొచ్చాక ఎవరికీ చెప్పలేదు. ఇంకొక్క ఫిర్యాదు వస్తే మంగళవారం కుర్చీ ఉండదని క్లినిక్ డాక్టరు దేవరాజ్ అప్పటికే అనేశాడు మరి.

"పోయినేడు ఇషమన్నవ్, పోయిన నెల ఈ రసమే మందన్నవ్," అన్నాడు మల్లన్న ధోవతి దులుపుకుంటూ. "రోజు తాగుతున్న. ఇది తాగుతున్న గదా అని బీపీ గోలీలు సుత బంద్ జేసిన. బీపీ ఏడ దిగింది?"

గోలీలు మానమని లిదియా ఎన్నడూ అనలేదు.

"రసం తాగినంక ఏం జేస్తవ్ బాపు?"

"నోరు పుక్కిలిస్త. మందుల దుకాన్ల దొరుకుతది, నీలం మందు."

"అది నాలుక మీది జీవులను సంపుతది. ఇగ రసమేం పని జేస్తది? అసలు దేనికి పుక్కిలిస్తున్నవ్?"

మల్లన్న గోడ వైపు చూశాడు. పక్కనే ఉన్న ఆయన భార్య మహేశ్వరి ఇంట్లో బీడీలు చుడుతుంది. భర్తను మాత్రం వాటిని ముట్టనివ్వదు. ఆమె మెల్లగా ఇటు తిరిగింది.

"వాసన రాకుండనా?" అంది. "కట్టలల్ల బీడీలు తక్కువొస్తున్నయని ఎల్కల బోను వెట్టిన. ఆ ఎల్కవు నువ్వేనా?"

వరుసలో కూర్చున్నవాళ్లంతా ఒక్కసారిగా దగ్గడం మొదలుపెట్టారు. మల్లన్న ముఖం ధోవతి మీది రసం రంగుకు వచ్చింది. భార్యను ఏమీ అనలేక లిదియా మీదికి లేచాడు. ఆ గొంతుకు దేవరాజ్ తన గది తలుపు తీసుకుని వచ్చి నిలబడ్డాడు.

"డాక్టర్ సాబ్, ఈమె మాట వట్టి పాలకూర పాయె, బీపీ దిగకపాయె, ఇంట్ల ఇజ్జత్ పాయె. రేపటికెల్లి ఈమె ఈడ ఉండొద్దు."

దేవరాజ్ లిదియా వైపు చూశాడు.

"పాలకూర తప్పు నాదే బాపు, తిట్టనీకి వచ్చే మంగళారం మళ్ల రా, గోలీలు మాత్రం మింగుకుంట రా," అంది లిదియా.