అప్పజెప్పించుకోవద్దన్న పంతులమ్మ గారు

పంతులమ్మ గారు పోయారని నాకు పామర్రులో తెలిసింది. ఆ పూట అక్కడ సారా మీదా, అహంకారం మీదా నా ఉపన్యాసం. మైకు కట్టారు, జనం కూర్చున్నారు. విజయవాడ నుంచి మొదటి బస్సులో వచ్చిన మా బావమరిది చెవిలో ఆ మాట చెప్పాడు. ఉపన్యాసం లేదని చెప్పి తిరుగు బస్సెక్కాను.

విజయవాడ కృష్ణలంకలో మా సందు చివరి ఇల్లు ఆవిడది. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాక, పొద్దున్నపూట అరుగు మీద పిల్లలకు ప్రైవేటు చెప్పేవారు. పిల్లలు లెక్క చేస్తున్నంతసేపూ ఆవిడ చేటలో బియ్యం పోసుకొని రాళ్లు ఏరుకునేవారు. "మొహంలోకి చూస్తూ కూర్చుంటే పిల్లకి లెక్క కనపడదండీ, నేనే కనపడతాను" అనేవారు.

నేను బడి మొహం చూసినవాణ్ణి కాను. చేపల పడవలో పని చేస్తూ అక్షరాలు కూడబలుక్కున్నాను. తర్వాత నా ఉపన్యాసాలకి మూలమైన శ్లోకాల గ్రంథం మొత్తం కంఠస్థం చేశాను. మా పెద్దమ్మాయి చేత రోజూ పది శ్లోకాలు అప్పజెప్పించుకునేవాణ్ణి. ఒక్క అక్షరం పొల్లుపోకూడదు. చదువంటే అదేనని నా నమ్మకం.

ఆ అమ్మాయికి పదో తరగతి క్వార్టర్లీలో లెక్కలకి పదమూడు మార్కులొచ్చాయి.

పిల్లని రెక్క పట్టుకొని అరుగు దగ్గరికి తీసుకుపోయాను. చేపల గంపతో మా ఆవిడా వెనకే వచ్చింది. "హాఫియర్లీలో తప్పితే బడి మానిపించేస్తానండీ. తల్లితో పాటు గంపెత్తుకుంటుంది" అన్నాను. పిల్ల తలెత్తలేదు.

పంతులమ్మ గారు నా వైపు చూడకుండా పిల్లని అడిగారు: "ఒక కుళాయి తొట్టిని ఆరు గంటల్లో నింపుతుంది, ఇంకోటి మూడు గంటల్లో. రెండూ విప్పితే?"

పిల్ల కళ్లు మూసుకొని, మొదటి వరస నుంచి "కావున రెండు గంటలు" దాకా గడగడా చెప్పింది. నాకు ఛాతీ పొంగింది.

"నాలుగు గంటలు, పన్నెండు గంటలు అయితే?"

మళ్లీ కళ్లు మూసుకుంది. "...కావున రెండు గంటలు."

"పుస్తకంలోవన్నీ ఇలాగే వచ్చా తల్లీ?"

"అన్నీ వచ్చండీ. పరీక్షలో అంకెలు మార్చేశారండీ."

"ఇలా చదవడం ఎవరు నేర్పారు?"

"నేనేనండీ" అన్నాను, గర్వంగానే.

ఆవిడ చేట పక్కన పెట్టారు. ఇష్టమైన శ్లోకం ఒకటి చెప్పమన్నారు. చెప్పాను. "ఇప్పుడు శ్లోకం లేకుండా, మీ ఆవిడకి అర్థమయ్యేట్టు చెప్పండి." తాత్పర్యం అందుకున్నాను. "అదీ అచ్చులో ఉన్నదేగా. మీ మాటల్లో చెప్పండి."

నాకు తెలియకుండానే చెయ్యి భుజాన సంచిలోని గ్రంథం మీదికి పోయింది.

"ఇన్నేళ్లూ నాకిదే అయిందండీ" అంది మా ఆవిడ. "ఆయన చెప్తారు, అర్థంకాకపోయినా నేను తలూపుతాను."

చదువరులారా, అహంకారం గురించి ఊరూరా గొంతు చించుకున్నాను. అది మా ఇంట్లోనే, కంఠతా వచ్చన్న గర్వంగా నా బిడ్డ నాలుక మీద కూర్చుంటే చూడలేకపోయాను. ఆ పదమూడు మార్కులు నావి.

"హాఫియర్లీ దాకా పిల్లని నాకు వదిలేయండి. అప్పటిదాకా ఇంట్లో ఏమీ అప్పజెప్పించుకోవద్దు" అన్నారావిడ.

"శ్లోకాలు కూడానా అండీ?"

"శ్లోకాలు కూడా."

ఎవరైనా మగవాడు ఆ మాట అని ఉంటే అక్కడే దులిపేసేవాణ్ణి. ఆవిడ మళ్లీ చేట అందుకున్నారు. ఒప్పుకున్నాను.

ఆవిడ పెట్టిన పని రోజుకి ఒక్క లెక్క. అదీ పుస్తకంలోది కాదు, పిల్లే కల్పించుకు రావాలి. ఎనిమిది రోజులు ఉత్త చేతులతో పోయి ఏడుస్తూ వచ్చింది. శ్లోకం వినపడని ఇంట్లో నాకు కాలూ చెయ్యీ ఆడేది కాదు. పాపం చేస్తున్నానేమో అనిపించేది. తొమ్మిదో రోజు ఒకటి పట్టుకెళ్లింది: ఏడుగురు నాలుగు రోజుల్లో వల అల్లితే, ఎనిమిది రోజుల్లో అల్లడానికి ఎంతమంది కావాలి?

పంతులమ్మ గారు చేసి, "మూడున్నర మంది వచ్చారే. ఆ సగం మనిషి ఎవరే?" అన్నారట.

"మా నాన్నండీ. ఉపన్యాసాలకి పోతే ఇంట్లో సగమే ఉంటాడు."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వారట. ఆ రోజు నుంచి పిల్ల ఏడవలేదు.

హాఫియర్లీలో నలభై ఒకటి వచ్చాయి. పేపరు చూపించబోతే ఆవిడ మార్కులు చూడలేదు. "ఎక్కడ తప్పావు?" అన్నారు. పిల్ల ఒక వరస మీద వేలు పెట్టి, "ఇక్కడ తొందరపడ్డానండీ" అంది. "నాకిది చాలు" అన్నారావిడ. బడి మానిపించే మాట నేను మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు ఆ అమ్మాయి టీచరు ట్రైనింగులో ఉంది.

నేను పామర్రు నుంచి చేరేసరికి పాడె కట్టారు. పొద్దుటి ప్రైవేటుకొచ్చిన పిల్లలు ఇంటికి పోకుండా ఎదురింటి గోడ వారన ఎప్పటిలాగే వరసగా కూర్చున్నారు. ఆవిణ్ణి వాకిట్లోకి తేగానే, రోజూ పంతులమ్మ గారు బయటికొచ్చినప్పుడు లేచినట్టే అందరూ లేచి నిలబడ్డారు. పాడె సందు మలుపు తిరిగింది. కూర్చోమనే మనిషి లేక అలాగే నిలబడి ఉన్నారు. ట్రైనింగు నుంచి వచ్చి, వరస చివర వాళ్లతో పాటే నిలబడ్డ మా పెద్దమ్మాయి అంది: "కూర్చోండమ్మా."